చదరాలూ సున్నాలూ

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది యాభై మూడేళ్ళ వయసులో. ఒత్తు పడాల్సిన చోట పడకపోయినా, దీర్ఘం అక్కర్లేని చోట సాగినా చదివేవాళ్ళు సర్దుకోవాలి. ఒక పేజీకి నాకు ఒక పూట పడుతుంది. అందుకని ఎక్కడైనా నడక కుంటినట్టు అనిపిస్తే ఆ తప్పు నా చేతిది, కథది కాదు. మన్నించండి.

కత్తెరమ్మ ఆసుపత్రి మెట్లు దిగుతున్నప్పుడే పోట్లాటకి సిద్ధంగా ఉంది. చంకలో పాత దుప్పటి గుడ్డలో చుట్టిన పటం. మెడలో కొలతల టేపు. షాపులోంచి వస్తూ తియ్యడం మరిచిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా బడి పిల్లల యూనిఫారాలు కత్తిరించి కత్తిరించి ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. కత్తెర గుడ్డల్ని కోస్తే నాలుక మిగతా అన్నిటినీ కోస్తుందని ఆమె లేనప్పుడు షాపులో వాళ్ళు నవ్వుకునేవారు. ఆమె ఉన్నప్పుడు ఎవరూ నవ్వేవారు కాదు.

ఆసుపత్రి వాళ్ళు కబురు పెట్టింది ఆమె తమ్ముడి కూతురి కోసం. మేనకోడలికి ఎనిమిదో నెల నిండింది, ఇంకో మూడు వారాల్లో పురుడు. తండ్రి చిన్న వయసులో రక్తం ఆగక చనిపోయాడని ఆ పిల్ల చెప్పడంతో, ఇది వంశంలో దిగే జబ్బేమో తేల్చాలి, తండ్రి వైపు పెద్దవాళ్ళు ఎవరైనా వచ్చి వివరాలు చెప్పాలి అన్నారు. తండ్రి వైపు మిగిలింది కత్తెరమ్మ ఒక్కతే.

ఆమె వచ్చింది సాయం చెయ్యడానికి కాదు. తమ్ముడు పోయిన ఇరవై ఆరేళ్ళ నుంచీ ఆమె ఒకటే మాట చెబుతూ వచ్చింది. పన్ను పీకించుకుని వచ్చిన వాడికి పెళ్ళాం ఏదో మాత్ర మింగించింది, దాంతో మూడు రోజులు నోట్లోంచి రక్తం కారి పోయాడు. 'నా తమ్ముణ్ణి మింగేసింది' అని శవం ఇంట్లో ఉండగానే నలుగురిలో అరిచింది. ఇవాళ ఆ మాటకి డాక్టరు చేత ముద్ర వేయించాలని వచ్చింది. 'మా వంశంలో జబ్బు లేదు' అని కాగితం మీద పడితే, ఇక మిగిలేది ఆ మాత్ర, ఆ మాత్ర ఇచ్చిన చెయ్యీ.

గది బయట బల్ల మీద మరదలూ మేనకోడలూ కూర్చుని ఉన్నారు. మరదలు తల పైకెత్తి చూసింది.

"వచ్చారా," అంది. వదినా అని పిలవలేదు.

"రాక? మా ఇంటి మీద మచ్చ వేస్తామని కాగితం పంపితే ఇంట్లో కూర్చుంటానా?"

"కాగితం పంపింది ఆసుపత్రి. నేను కాదు."

"ఆసుపత్రికి చెప్పిందెవరో నాకు తెలియదా ఏంటి?"

మేనకోడలు పొట్ట మీద చెయ్యి వేసుకుని గోడకి ఆనింది. "అత్తా, నేనే చెప్పాను. అమ్మ కాదు. మీరిద్దరూ ఇక్కడ మొదలుపెడితే నేను లేచి ఇంటికి పోతాను."

"నువ్వెందుకు పోతావే? పోవలసిన వాళ్ళు వేరే ఉన్నారు," అంది కత్తెరమ్మ, మరదలి వైపు చూడకుండా.

లోపలి నుంచి పిలుపు వచ్చింది.

గది నేలకింద ఉంది. కిటికీ పైకప్పుకి ఆనుకుని ఉండడం వల్ల అందులోంచి బయట నడిచేవాళ్ళ చెప్పులు తప్ప ఏమీ కనబడవు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మూత సరిగ్గా పడని ఇనుప బీరువా. బల్ల వెనక కూర్చున్న డాక్టరమ్మకి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. జుట్టు ముడిలో ఒక పెన్సిలు, చేతిలో ఒక పెన్సిలు. ఎదురుగా తెల్లటి పెద్ద కాగితం, దాని మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ పలక ఒకటి. ఆ పలక నిండా చదరాలు, సున్నాలు కోసి ఉన్నాయి. చొక్కాకి జేబు గీసుకునే అచ్చులాగే ఉందే అనుకుంది కత్తెరమ్మ. అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

అడక్కముందే దుప్పటి గుడ్డ విప్పి పటాన్ని బల్ల మీద నిలబెట్టింది.

"ఇదిగో మా వంశవృక్షం. ఏడు తరాలు. మా నాన్న బతికుండగా పెయింటరు చేత రాయించాడు. ఎవరు ఎన్నేళ్ళు బతికారో పక్కనే ఉంది. ఎనభై ఒకటి, డెబ్బై తొమ్మిది, ఎనభై నాలుగు. మా నాన్నది ఆయన పోయాక నేనే రాయించాను, ఎనభై రెండు. చదువుకో డాక్టరమ్మా, రోగిష్టి వంశంలా ఉందేమో నువ్వే చెప్పు."

డాక్టరమ్మ పటాన్ని దగ్గరికి లాక్కుని నిజంగానే శ్రద్ధగా చూసింది. కింద మొదలు, పైన కొమ్మలు, ఒక్కో ఆకులో ఒక్కో పేరు.

"చాలా బాగా రాయించారమ్మా. ఇందులో ఆడవాళ్ళు ఏరీ?"

"ఆడవాళ్ళెందుకుంటారు? పెళ్ళి చేసుకుని పోతారుగా."

"మరి ఈ ఇంటికి వచ్చినవాళ్ళు?"

"వచ్చినవాళ్ళు మా వంశం కాదుగా."

"మీరు ఎక్కడున్నారు ఇందులో?"

పక్క కుర్చీలోంచి మరదలు ముక్కుతో నవ్వింది.

"అయితే పాపం ఏడు తరాల మగాళ్ళూ చెట్టుకి కాసినట్టున్నారు," అంది.

"నీ వెటకారం నీ దగ్గరే పెట్టుకో!"

"అమ్మా," డాక్టరమ్మ పటాన్ని పక్కకి జరిపింది. "నాకు కావలసినవాళ్ళు ఇందులో లేరు. నేను కొత్తగా గీసుకుంటాను. చదరమంటే మగవాడు. సున్నా అంటే ఆడమనిషి. జబ్బున్నవాళ్ళని పెన్సిలుతో నింపుతాను. జబ్బు బయటపడకుండా మోస్తున్న ఆడవాళ్ళ సున్నాలో చుక్క పెడతాను. చనిపోయినవాళ్ళ మీద అడ్డగీత కొడతాను."

పలక పెట్టి కింద మేనకోడలిని సున్నాగా గీసింది. కడుపులో ఉన్నది మగో ఆడో తెలియదు కాబట్టి దానికి పేకముక్కలో డైమన్ లాంటి గుర్తు. పైన మరదలు, సున్నా. పక్కన తమ్ముడు, చదరం. ఆ చదరం మీద వాలుగా ఒక గీత కొట్టింది. కత్తెరమ్మ ఆ గీతని చూసి చూపు తిప్పుకుంది. తమ్ముడి పక్కన ఆమెని గీసింది, సున్నా.

"వీరు ఎలా పోయారో చెప్పండి."

"పన్ను పీకించుకొచ్చాడు. మూడు రోజులు కారుతూనే ఉంది," అంది మరదలు. "దానికి ముందు కూడా గడ్డం గీసుకునేటప్పుడు తెగితే సాయంత్రం దాకా ఆగేది కాదు."

"మాత్ర ఇచ్చింది చెప్పవేం?" కత్తెరమ్మ ఒంటికాలి మీద లేచింది. "తలనొప్పి మాత్ర ఇచ్చావా లేదా? డాక్టరమ్మా, అడుగు, ఇచ్చిందా లేదా అడుగు!"

"ఇచ్చాను. నొప్పని ఏడుస్తుంటే ఇచ్చాను. రోజూ ఇస్తున్నట్టే చెబుతారేంటి, ఒక్క మాత్ర."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "కొన్ని మాత్రలు రక్తాన్ని ఇంకాస్త పలచన చేస్తాయి. నిజమే. కానీ ఒంట్లో లోపం లేని మనిషి ఒక మాత్రకి మూడు రోజులు రక్తం కారి చనిపోడు. లోపం ముందే ఉండాలి. నా అనుమానం హీమోఫీలియా. రక్తం గడ్డకట్టని జబ్బు. అది ఉందా లేదా అన్నదే ఇవాళ మన పని."

"ఉంటే అది దీని వైపు నుంచి వచ్చి ఉంటుంది," అంది కత్తెరమ్మ.

"పెళ్ళాం వైపు నుంచి మొగుడికి జబ్బు ఎలా వస్తుందమ్మా?" డాక్టరమ్మ నెమ్మదిగానే అడిగింది. మేనకోడలు నవ్వు ఆపుకోలేక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కత్తెరమ్మకి చెవులు వేడెక్కాయి.

డాక్టరమ్మ కాగితం మూలన చిన్నచిన్న గుర్తులు వేస్తూ చెప్పడం మొదలుపెట్టింది. మనిషిని ఆడో మగో చేసే క్రోమోజోములు రెండు రకాలు, ఎక్స్ ఒకటి, వై ఒకటి. ఆడవాళ్ళకి రెండూ ఎక్స్‌లే. మగవాళ్ళకి ఒక ఎక్స్, ఒక వై. రక్తం గడ్డకట్టే సమాచారం ఎక్స్ మీద ఉంటుంది, వై పొట్టిది, దాని మీద ఉండదు.

"అంటే ఆడదానికి రెండు తాన్లు, మగాడికి ఒక తానూ ఒక కట్‌పీసూ," అంది కత్తెరమ్మ. అనాలని అనలేదు. గుడ్డ లెక్క కనిపిస్తే నోరు దానంతట అదే కదిలింది.

"అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆడవాళ్ళకి ఒక తానులో చిరుగున్నా రెండోది ఉంది కాబట్టి పని నడిచిపోతుంది. చాలామందికి చిరుగుందని కూడా తెలియదు. మగవాడికి రెండో తాను లేదు. ఉన్న ఒక్కదానికీ చిరుగుంటే జబ్బు బయటపడుతుంది."

"మరి పిల్లలకి?"

"మీరే చెప్పండి. మగవాడు కూతురికి ఏమివ్వాలి?"

"కూతురైతే రెండు తాన్లుండాలి. ఒకటి తల్లి ఇస్తుంది. తండ్రి తన దగ్గరున్న ఒక్క తానూ ఇవ్వాలి."

"కొడుక్కి?"

"కట్‌పీసు," అని ఆగిపోయింది కత్తెరమ్మ.

ఈసారి మరదలు నవ్వలేదు. ముందుకి వంగింది. "అంటే మా వాడికి? నా కొడుక్కి?"

"మీ అబ్బాయికి తండ్రి నుంచి వచ్చింది వై. ఈ జబ్బు తండ్రి నుంచి కొడుక్కి రాదు. మీ అబ్బాయికీ లేదు, అతని పిల్లలకీ ఈ దారిన రాదు."

మరదలు డాక్టరమ్మకేసి తిరిగింది. కత్తెరమ్మ వైపు చూడలేదు.

"వాడు సైకిలెక్కలేదు. బడిలో ఒక్క ఆట ఆడలేదు. ఇరవై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇప్పటికీ బ్లేడు పట్టుకోవాలంటే చెయ్యి వణుకుతుంది. రెండు సంబంధాలు ముఖాలు తిప్పుకుని పోయాయి. ఎందుకు పోయాయో తెలుసా డాక్టరమ్మా? వాడి తల్లి రక్తం మంచిది కాదు, వాడు కూడా అర్ధాయుష్షే అని ఈవిడ వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మరీ చెప్పొచ్చింది."

"చూసింది చెప్పాను!"

"ఏం చూశారు? ఏం చూశారు మీరు?"

"అమ్మా, ఆగు," అంది మేనకోడలు, డాక్టరమ్మకేసి తిరుగుతూ. "నా సంగతి వినండి. కూతురికి తప్పకుండా ఇస్తాడంటే నాకు వచ్చినట్టేగా?"

డాక్టరమ్మ తల ఊపింది. "మీ నాన్నగారికి ఆ జబ్బే ఉంటే మీకు తప్పకుండా వచ్చినట్టే. అప్పుడు మీకు మగబిడ్డ పుడితే సగానికి సగం అవకాశం. ఉంటే అన్నమాట. ఆ ఉండడం తేల్చాలి." కత్తెరమ్మ వైపు తిరిగింది. "తమ్ముడుగారి తాను తల్లి నుంచి వచ్చింది. అందుకని మీ నాన్నగారి చెట్టుతో నాకు పని లేదు. మీ అమ్మగారి వైపు చెప్పండి. ఆమెకి అన్నదమ్ములున్నారా?"

ఇక్కడికి వస్తుందని కత్తెరమ్మకి తాన్ల లెక్క దగ్గరే తెలిసిపోయింది. లెక్క ఆమే కట్టింది. తనే కొలిచి, తనే సుద్దతో గీసి, ఇప్పుడు ఆ గీత మీద తనే నిలబడింది.

"ఇద్దరు. ఎప్పుడో పోయారు. ఒకడికి జ్వరం, ఒకడు మేడ మీంచి పడ్డాడు."

"ఎంత వయసులో?"

"చిన్నప్పుడే. నాకేం గుర్తు?"

"మోకాళ్ళు గానీ మోచేతులు గానీ వాచి, చాపలేకపోవడం లాంటిది ఎవరికైనా?"

కత్తెరమ్మ మెడలోని టేపుని చూపుడువేలికి చుట్టడం మొదలుపెట్టింది. అమ్మ తమ్ముణ్ణి ఇంట్లో అందరూ వంకర మామయ్య అనేవాళ్ళు. రెండు మోకాళ్ళూ వంగిపోయి, కుర్చీని ముందుకి తోసుకుంటూ నడిచేవాడు. పంతొమ్మిదో ఏట పోయాడు. పెద్ద మామయ్య ఏడేళ్ళప్పుడు నాలుక కొరుక్కుని, వారం రోజులు కారి పోయాడు. అది ఆమె పుట్టకముందు.

"లేదు," అంది.

"మీకు పిల్లలు?"

"ఒక్కతే కూతురు."

"పుట్టి పోయినవాళ్ళెవరైనా?"

"లేరు."

డాక్టరమ్మ ఆమె సున్నా కింద ఒక గీత దించి, దాని చివర ఒక సున్నా గీసింది. పెన్సిలు కింద పెట్టి ఒక పాత కాగితం తీసింది. తమ్ముడు పోయినప్పటిది.

"ఇందులో లివరు పాడై రక్తస్రావం అని రాశారు. తాగేవాడని బంధువులు చెప్పారట."

"ఆయన జన్మలో తాగలేదు," అంది మరదలు. "ఎవరు చెప్పారో కూడా నాకు తెలుసు."

చెప్పింది కత్తెరమ్మే. చెప్పించింది వాళ్ళమ్మ. ఆ రోజు ఆసుపత్రి వరండాలో చెయ్యి గట్టిగా పట్టుకుని, 'మామయ్యల సంగతి ఎత్తావంటే చంపేస్తాను, నీకూ ఒక ఆడపిల్ల ఉంది, రేపు దాన్ని ఎవరు చేసుకుంటారు' అంది. కూతురికి అప్పుడు మూడేళ్ళు. ఇప్పుడా కూతురు ఇంకో ఊళ్ళో అత్తారింట్లో ఉంది. పెళ్ళయి రెండేళ్ళయింది, ఇంకా కడుపు పండలేదని దాని అత్త ప్రతి నెలా ఫోన్‌లో సాధిస్తోంది. ఇప్పుడు దాని సున్నాలో చుక్క పడితే ఆవిడకి పండగే.

డాక్టరమ్మ మేనకోడలితో ఉన్నదున్నట్టు చెప్పింది. రక్తపరీక్ష ఇప్పుడు నమ్మడానికి లేదు, కడుపుతో ఉన్నప్పుడు ఆ అంకె దానంతట అదే పెరిగి మామూలుగా కనిపిస్తుంది. జన్యుపరీక్షకి ఆరు వారాలు, పురుడు మూడు వారాల్లో. మిగిలింది ఈ చార్టు ఒక్కటే. చార్టులో జబ్బు దిగిన దారి కనిపిస్తే పురిటి వార్డు వాళ్ళు జాగ్రత్తలు రాసుకుంటారు, బిడ్డకి కావలసిన మందు పెద్దాసుపత్రి నుంచి ముందే తెప్పిస్తారు. లివరు అని రాసి ఉన్న ఒక్క చావుని చూసి వాళ్ళు ఆ మందు పంపరు.

"నేను గట్టిగా అడిగి చూస్తాను. కానీ ఇలాంటి కాగితానికి వాళ్ళు ఇంతకుముందు రెండుసార్లు కాదన్నారు."

"కాదంటే ఏం చేస్తారు?" అంది మేనకోడలు.

"మామూలు కాన్పే. ఆలస్యమైతే తలకి వాక్యూమ్ పెట్టి లాగుతారు. పుట్టగానే తొడకి సూది వేస్తారు. అందరు పిల్లలకీ చేసేదే."

కత్తెరమ్మ లేచి నిలబడింది. "అయిపోయిందిగా. మా వాళ్ళలో ఏం లేదని తేలిందిగా. నేను పోతాను, షాపులో జనం ఉంటారు."

"ఒక్క నిమిషం. చెప్పినవాళ్ళు సంతకం పెట్టాలి. పెట్టే ముందు నేను పైకి చదువుతాను, కొలత తప్పుంటే ఆపండి."

కొలత అనే మాట ఆమె మామూలుగానే అని ఉంటుంది. కత్తెరమ్మ నిలబడే ఉంది.

డాక్టరమ్మ పెన్సిలు మొనని ఒక్కో గుర్తు మీదా పెడుతూ చదివింది. "మీ అమ్మగారు, సున్నా. ఆమె అన్నదమ్ములు ఇద్దరు, జ్వరం ఒకరు, ప్రమాదం ఒకరు, నింపలేదు. ఆమెకి ఇద్దరు పిల్లలు. కొడుకు, ముప్ఫై ఒకటో ఏట మరణం, కారణం తెలియదు, నింపలేదు. కూతురు, అంటే మీరు. మీకు ఒకే సంతానం, కూతురు. అంతేనా?"

కాగితం మీద ఆ సున్నా కింద ఒకే గీత ఉంది. పక్కన చోటుంది. చదరం పట్టేంత చోటు.

ముప్ఫై ఏళ్ళలో కత్తెరమ్మ ఒక్క గుడ్డ కూడా రెండోసారి కొలవకుండా కోయలేదు. సహాయకులెవరైనా కొలత దాచి తప్పు కత్తిరిస్తే ఆ గుడ్డ వాళ్ళ మొహాన కొట్టి పంపించేది. ఇప్పుడు తనకంటే చిన్నదైన ఈ డాక్టరమ్మ తన ఎదురుగా కొలత పైకి చదువుతోంది, మేనకోడలు పొట్ట పట్టుకుని తన నోటికేసి చూస్తోంది. తన తల్లి మాట విని దాచినందుకు మిగిలింది కాగితం మీద ఈ ఖాళీ చోటే.

"పెన్ను ఇటివ్వు," అంది. తీసుకుంది. కాగితం మీదకి వంగింది. పెట్టలేకపోయింది.

"తప్పుంది," అంది.

"ఎక్కడమ్మా?"

"నా కింద. ఇంకో గీత దించు. ముందువైపు దించు, దానికంటే పెద్దవాడు. చదరం గియ్యి."

డాక్టరమ్మ పలక పెట్టి గీసింది.

"తొమ్మిది రోజులు," అంది కత్తెరమ్మ. గొంతు షాపులో కొలతలు చెప్పే గొంతులాగే ఉంది. "రావడం ఆలస్యమైందని తలకి పట్టుకారు వేసి లాగారు. తల మీద గుమ్మడికాయంత వాపు వచ్చింది. తొడకి సూది వేస్తే తొడంతా నల్లబడి గట్టిగా రాయిలా అయింది. తొమ్మిదో రోజు పొద్దున పాలు తాగుతూ తల వాల్చేశాడు. పేరు పెట్టలేదు. నింపు."

డాక్టరమ్మ నింపింది. పెన్సిలు కాగితం మీద ఆడుతున్న చప్పుడు వినబడింది.

"మామయ్యలిద్దరివీ నింపు. జ్వరం కాదు, మేడా కాదు. ఒకడు నాలుక కొరుక్కుని. ఒకడికి మోకాళ్ళు. నువ్వు అడిగావే, అలాంటివే. తమ్ముడిది కూడా నింపు. చిన్నప్పుడు ఆటకి పోయి వస్తే మోచెయ్యి బంతిలా వాచేది. తాగేవాడు కాదు." ఊపిరి పీల్చుకుంది. "ఇంక చెప్పక్కర్లేదు, నాకు కనిపిస్తోంది. మా అమ్మ సున్నాలో చుక్క పెట్టు. నా దాంట్లో పెట్టు. దీని దాంట్లో పెట్టు," అని మేనకోడలిని చూపించింది. "నా కూతురి దాంట్లో ఏం పెడతావు?"

"ప్రశ్న గుర్తు. సగానికి సగం. పరీక్ష చేస్తే తెలుస్తుంది. ఆమె ఇప్పుడు కడుపుతో లేదు కదా, మనకి టైముంది."

డాక్టరమ్మ వెంటనే ఫోన్ అందుకుంది. పురిటి వార్డుకి చెప్పింది: వాక్యూమ్ వద్దు, కండకి సూది వద్దు, పుట్టగానే బొడ్డుతాడు నుంచి రక్తం తియ్యాలి, కష్టమయ్యేలా ఉంటే ఆలస్యం చెయ్యకుండా ఆపరేషనే. తరవాత పెద్దాసుపత్రికి చేసింది. నాలుగు తరాలు, నలుగురు మగవాళ్ళు, నలుగురూ ఆడవాళ్ళ దారినే అంది. అవతలివాళ్ళు ఏదో అడిగారు. "అవును, చార్టు నా ఎదురుగా ఉంది, ఫ్యాక్స్ చేస్తున్నాను," అంది. పెట్టేశాక మేనకోడలితో, "పదకొండు రోజుల్లో మందు ఇక్కడుంటుంది," అంది.

మేనకోడలు ఏడుస్తోంది. భయంతోనో భయం తీరో ఆమెకే తెలిసినట్టు లేదు. డాక్టరమ్మ ఆమెని పట్టుకుని పక్కగదికి జన్యుపరీక్ష కోసం రక్తం తీయించడానికి తీసుకెళ్ళింది.

మిగిలింది వాళ్ళిద్దరే.

మరదలు కేకలు వేస్తుందనుకుంది కత్తెరమ్మ. వెయ్యలేదు. కుర్చీ ఆమె వైపు తిప్పుకుని కూర్చుంది.

"మీకు తెలుసు," అంది. "ఆయన్ని కింద పడుకోబెట్టిన రోజున, నన్ను నలుగురిలో మింగేసిందన్న రోజున, మీకు తెలుసు."

"తెలుసు."

"మీ బిడ్డ అలాగే పోయాడని తెలిసే అన్నారు."

"అమ్మ చెప్పొద్దంది."

"మీ అమ్మ పోయి ఎన్నేళ్ళయింది?"

"పద్దెనిమిది."

"ఆ పద్దెనిమిదేళ్ళూ ఎవరు చెప్పొద్దన్నారు?"

కత్తెరమ్మ దగ్గర ఉన్న జవాబు ఈ మనిషికి చెప్పేది కాదు. నిన్ను చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది, నీ కొడుకు బతికున్నాడు, నా కొడుకు పోయాడు, తమ్ముడూ పోయాడు, ఎవరో ఒకరు చేసి ఉండాలిగా, నేను కాదుగా. అది చెబితే జాలిపడమని అడిగినట్టుంటుంది. కత్తెరమ్మకి మరదలి జాలి అక్కర్లేదు.

"ఇప్పుడు చెప్పానుగా," అంది మొండిగా. "నీ పిల్లకి మంచి జరిగేలా చెప్పానుగా. ఇంకేం కావాలి నీకు, కాళ్ళు పట్టుకోమంటావా?"

"మీ చేతులు నా కాళ్ళకి తగలక్కర్లేదు. మా వాడి సంబంధాలు చెడగొట్టిన రెండిళ్ళకీ వెళ్ళి చెప్పండి. ఏ నోటితో అన్నారో ఆ నోటితోనే."

"వెళ్తాను."

"నేనూ వస్తాను. మీరు చెప్పింది వినడానికి."

"రా. నేనేమైనా పారిపోతానా?"

"పారిపోయేవాళ్ళే పారిపోతానా అంటారు." మరదలు లేచి పటం వైపు చూసింది, ముట్టుకోలేదు. "మీ అమ్మాయికి మీరు చెబుతారా, నేను చెప్పనా?"

కత్తెరమ్మ తలెత్తింది. "దాని జోలికి రాకు."

"నా పిల్ల ఇరవై ఏడేళ్ళు ఏమీ తెలియకుండా తిరిగింది. ఎనిమిదో నెలలో తెలిసింది. మీ పిల్లకి కూడా ఎనిమిదో నెలలోనే తెలియాలా? దాని అత్త పోరు పడలేక రేపే కడుపుతో ఉందనుకోండి. ఏ ఊళ్ళోనో ఎవరో తలకి పట్టు వేసి లాగుతారు. అప్పుడు కూడా మేడ మీంచి పడ్డాడనే చెబుతారా?"

"చెయ్యి తియ్యి మీదనుంచి." మరదలు ఆమె మీద చెయ్యి వెయ్యనే లేదు.

"ఫోన్ చెయ్యండి. ఇక్కడే. నా ముందే. బయటికి పోయారంటే రేపంటారు, రేపు ఇంకో రేపంటారు. మీ సంగతి నాకు తెలియదా!"

కత్తెరమ్మ మరదలిని ఇంత ద్వేషంగా ఎప్పుడూ చూడలేదు. ఆమె చెప్పిన మాటలో వెతికినా తప్పు దొరకలేదు, అందుకే. సంచీలోంచి ఫోన్ తీసింది. వేలు రెండుసార్లు వేరే నంబరు మీద పడింది. మూడోసారి కలిసింది.

"ఏంటమ్మా, షాపు టైములో చేశావు?" అవతల గిన్నెలు కడుగుతున్న చప్పుడు. వెనకాల దాని అత్తగారి గొంతు, ఎవరే అని అడుగుతోంది.

"ఒక్కదానివే లేవుగా. నీళ్ళు కట్టేసి బయటికి రా. గేటు దాకా రా."

"ఎందుకు? నీకేమైనా అయిందా? భయపెట్టకు అమ్మా."

"నాకేం కాలేదు. వచ్చావా?"

తలుపు తీసిన చప్పుడు, చెప్పులు, తరవాత వీధిలో బండి ఒకటి పోయిన మోత. "ఆ, వచ్చాను. చెప్పు."

మరదలు తలుపుకి వీపు ఆనించి చేతులు కట్టుకుని నిలబడి ఉంది, ఒక్క మాట తగ్గినా పట్టుకుందామన్నట్టు. కత్తెరమ్మ ఆమె మొహంలోకే చూస్తూ ఫోన్‌లోకి చెప్పింది.

"నీకొక అన్న ఉండేవాడు. తొమ్మిది రోజులు. ఎందుకు పోయాడో చెబుతాను, మధ్యలో మాట్లాడకుండా విను."

రాసినది గుండీలమ్మ, అందరూ అలాగే పిలుస్తారు. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది చిన్న కూతురి ఇంట్లో, మేడ మీద వెనక గదిలో.